పైకప్పు చూసి వచ్చేస్తే చాలా?

ప్రపంచంలోకెల్లా అందమైన గ్రంథాలయాలు అంటూ ఎవరైనా జాబితా వేస్తే చదవకుండా వదిలిపెట్టలేను. ఈమధ్య అలాంటిదే మరొకటి కంటపడింది. డబ్లిన్, ఆడ్మాంట్, పోర్చుగల్‌లోని కోయింబ్రా, ప్రాగ్, రియో, రావలసినవన్నీ వచ్చాయి. ఫొటోల మీంచి కళ్లు తిప్పుకోలేం. రెండోసారి తిరగేస్తుంటే మాత్రం ఒక సంగతి తట్టింది. ఒక్క ఫొటోలోనూ చదువుతున్న మనిషి లేడు. చాలావాటిలో అసలు మనిషే లేడు. కెమెరా ప్రతిసారీ గది నడిమధ్యన నిలబడి పైకి చూస్తోంది. బల్లలు, కుర్చీలు అంచులకు జరిగిపోయాయి. కొన్నిచోట్ల కనబడనే లేదు.

ఫొటోలు తీసినవాళ్లను తప్పుపట్టను. ఆ గదులకు వెళ్లినవాళ్లం కూడా దాదాపు అలాగే చూస్తాం. అడుగుపెట్టగానే తల పైకెత్తుతాం. చిత్రాలు చూస్తాం, మెలికల మెట్లు చూస్తాం, అరల్లో తోలు అట్టల వరస చూస్తాం, బయటికి వచ్చేస్తాం. పుస్తకాలు గోడకు వేసిన రంగులా మిగిలిపోతాయి. ఇలాంటి చోట్ల కోసమే ప్రయాణాలు పెట్టుకునేవాళ్లలో నేనూ ఉన్నాను కనుక నాకిది చిన్న విషయంగా అనిపించదు.

ఆలోచించగా ఆలోచించగా నాకొకటి గట్టిగా అనిపిస్తోంది. పాత గ్రంథాలయం అందాన్ని తేల్చవలసింది పైకప్పును చూసి కాదు. ఊరూ పేరూ తెలియని మనిషి తలుపు తోసుకుని వస్తే అతణ్ని అక్కడ ఏం చేయనిస్తారో చూసి తేల్చాలి. నిలబడి చూడనిస్తారా, కూర్చోనిస్తారా, ఒక పుస్తకం తెప్పించుకోనిస్తారా? ఎక్కడికైనా వెళ్లాలనుకున్నప్పుడు నేను ముందు కనుక్కునేది ఇదే. దీనికి ఎదురు వాదనలు చాలా ఉన్నాయి. కొన్ని నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నాయి. వాటి దగ్గరికి వస్తాను.

అవసరం కట్టిన గదులు

మనం నోరు తెరిచి చూసే అందంలో చాలా భాగం చదువుకునేవాళ్ల అవసరాల్లోంచి, పుస్తకాలు పెట్టడానికి చోటు చాలకపోవడంలోంచి పుట్టింది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ లాంగ్ రూమ్‌నే తీసుకోండి. 65 మీటర్ల పొడవు హాలు. ఏ ఫొటోలో చూసినా మొదట ఆకట్టుకునేది ఆ కమాను ఆకారపు చెక్క కప్పు. 1732లో హాలు పూర్తయినప్పుడు అది లేదు. చదునైన సున్నపు కప్పు ఉండేది. బ్రిటన్, ఐర్లండ్‌లలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి అడిగి పుచ్చుకునే హక్కు 1801లో ఆ లైబ్రరీకి దక్కింది. అరలు నిండిపోయాయి. చేసేదిలేక 1860లో కప్పు విప్పి, ఎత్తు పెంచి, పైఅంతస్తులో కూడా బీరువాలు పెట్టారు. ఈరోజు లక్షలమంది ఫొటో తీసుకునే ఆ కప్పు చోటు చాలక పెట్టింది.

ప్రాగ్‌లోని స్ట్రహోవ్ మఠంలోనూ ఇలాంటి కథే ఉంది. 18వ శతాబ్దం చివర్లో చక్రవర్తి రెండో జోసెఫ్ మఠాలను వరసగా మూయించేస్తున్నప్పుడు, లౌకా అనే చోట మూతపడ్డ మఠంలోని వాల్‌నట్ చెక్క బీరువాలను స్ట్రహోవ్ వాళ్లు తెచ్చుకున్నారు. అవి చాలా ఎత్తైనవి. తాము కడుతున్న కట్టడాన్ని ఆ బీరువాల కొలతకు సరిపడేలా మార్చుకున్నారు. అదే ఇప్పటి ఫిలాసాఫికల్ హాల్. ముందు బీరువా, తర్వాత గది.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ప్యారిస్‌లోని సెయింట్ జెనవీవ్ గ్రంథాలయం. అందాల జాబితాల్లో దీనికి ఎప్పుడూ మధ్యస్థాయి చోటే దొరుకుతుంది. బయటినుంచి చూస్తే నిరాడంబరమైన రాతి గోడ. దాని మీద 810 మంది రచయితల పేర్లు చెక్కి ఉంటాయి, అంతే. అప్పట్లో పెద్ద గ్రంథాలయాల్లో చాలావరకు నిప్పుకు భయపడి పొద్దుగూకేసరికి తలుపులు మూసేవి. పగలు తరగతులుండే విద్యార్థులు, పని చేసుకుని బతికేవాళ్లు చదువుకోవడానికి మిగిలేది సాయంత్రమే. ఆ సాయంత్రాల కోసం వాస్తుశిల్పి ఆన్రీ లబ్రూస్త్ గ్యాస్ దీపాలతో పనిచేసే చదువుగది కట్టాడు. 1851లో తెరిచారు. గోడలు రాయి, లోపలి ఎముకలగూడంతా ఇనుము. సన్నటి ఇనుప స్తంభాలు వెలుతురుకు అడ్డు రావు, నిప్పుకు తేలిగ్గా లొంగవు. కప్పును మోసే ఇనుప కమానులకు లతల నగిషీ పెట్టాడు. అది చూడగానే ఎవరికైనా మనసు తేలికవుతుంది. ఆ తేలికదనం వెనక ఉన్నది రాత్రి పదిదాకా కూర్చుని చదువుకోవలసిన కుర్రాడి అవసరం. ఇప్పటికీ పరీక్షల కాలంలో దాని తలుపు దగ్గర విద్యార్థుల బారు కనబడుతుంది. ఆ బారును కూడా కలిపి చూస్తేనే ఆ కట్టడం నాకు పూర్తిగా కనబడుతుంది.

గొలుసు ఎవరి కోసం

ఇటలీలో చెజేనా అని చిన్న పట్టణం. అక్కడి మలాటెస్తియానా గ్రంథాలయాన్ని 1454లో తెరిచారు. యూరప్‌లో ప్రజలది అని చెప్పదగ్గ తొలి గ్రంథాలయంగా దాన్ని లెక్కిస్తారు. కట్టించినది ఆ ఊరి ప్రభువు మలాటెస్తా నొవెల్లో. మఠం ప్రాంగణంలో కట్టించినా పెత్తనం మఠానికి పూర్తిగా ఇవ్వలేదు. తలుపుకు రెండు తాళాలు, ఒక తాళంచెవి సన్యాసుల దగ్గర, రెండోది పట్టణ పాలకవర్గం దగ్గర. లోపల రెండు వైపులా 29 చొప్పున 58 బల్లలు, ప్రతి వరసకూ పక్కనే కిటికీ. రాతప్రతులు ఈనాటికీ ఆ బల్లలకే గొలుసులతో కట్టి ఉన్నాయి. ఐదున్నర శతాబ్దాల్లో అక్కడినుంచి పోయిన పుస్తకాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

గొలుసు చూడగానే మనకు చెర గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్ చర్చిలో గొలుసుల గ్రంథాలయం ఉంది. మిగిలినవాటిలో అన్నిటికన్నా పెద్దది అదే. అక్కడ పుస్తకాలు వెన్ను లోపలికి, కాగితాల అంచు బయటికి ఉండేలా పెడతారు. గొలుసు అట్ట ముందు అంచుకు ఉంటుంది కనుక అలా పెడితేనే చిక్కుపడకుండా తీసి బల్ల మీద పరుచుకోవచ్చు. గొలుసు పొడవు కూడా బల్ల అందేటంతే. ఇంత ఏర్పాటు ఎవరి కోసం? పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసేవాడికి గొలుసుతో పని లేదు. తనకు తెలిసినవాళ్లకే చూపించేవాడికీ పని లేదు. ఎవరో వస్తారు, ఎలాంటివాడో తెలియదు, అయినా పుస్తకం అతని ముందు పెట్టాలి అనుకున్నవాడే గొలుసు చేయిస్తాడు. కొత్తవాణ్ని లోపలికి రానివ్వడానికి ఆ కాలం కనిపెట్టుకున్న ఉపాయం అది. అందుకే నా దృష్టిలో ఆ గొలుసులు ఏ బంగారు పూత కన్నా అందమైనవి.

ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ 1602లో తెరుచుకుంది. అక్కడ నియమం ఒక్కటే, పుస్తకం గడప దాటకూడదు. 1645లో అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు రాజు మొదటి చార్ల్స్ ఆక్స్‌ఫర్డ్‌లోనే మకాం పెట్టాడు. ఒక పుస్తకం కావాలని మనిషిని పంపాడు. గ్రంథాలయాధికారి జాన్ రౌస్ నిబంధనలు చూపించి కుదరదన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. తర్వాత అధికారంలోకి వచ్చిన క్రామ్‌వెల్‌కూ అదే జవాబు. కొత్తగా చేరే పాఠకులు లోపల నిప్పు వెలిగించబోమని, పుస్తకాలు పాడుచేయబోమని ప్రమాణం చేయాలి, ఈరోజుకీ. రాజుకు కుదరనిదే మామూలు పాఠకుడికీ కుదరదు, రాజు చదవగలిగిందే మామూలు పాఠకుడూ చదవగలడు. అక్కడి పాత చదువుగదిలో రంగులు వేసిన చెక్క కప్పు ఎంత బావుంటుందో చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ గది తలచుకుంటే ముందు ఆ రౌస్ గుర్తొస్తాడు.

నన్ను నిలదీసే వాదనలు

ఇప్పుడు ఎదుటి పక్షం. మొదటిది, ఈ గదుల్లో చాలావాటిని మొదట్నుంచీ చూపించడానికే కట్టారు. ఆస్ట్రియాలోని ఆడ్మాంట్ మఠం హాలు 1776లో పూర్తయింది. 70 మీటర్ల పొడవు, 48 కిటికీలు, ఏడు గుమ్మటాల మీద బార్తొలొమియో ఆల్టొమోంటె ఎనభై దాటిన వయసులో వేసిన చిత్రాలు. పైమెట్లకు వెళ్లే తలుపులు కనబడకుండా వాటి మీద ఉత్తుత్తి పుస్తకాల వెన్నులు అంటించారు. ఇంత పెద్ద హాలును శీతాకాలంలో వెచ్చగా ఉంచడం అసాధ్యం. సన్యాసులు పుస్తకం తీసుకుని తమ గదుల్లో చదువుకునేవారు. హాలు వచ్చినవాళ్లు చూసి ఆశ్చర్యపోవడానికి. అంటే టికెట్ కొని తల పైకెత్తి చూసే ఇప్పటి సందర్శకుడు కట్టించినవాళ్లు కోరుకున్నదే చేస్తున్నాడు. చదువరులను తరిమేసి మ్యూజియం చేశారని ఇలాంటి చోట వాపోవడం చరిత్రకు నిలవదు. ఇది ఒప్పుకుంటాను. ఆడ్మాంట్‌కు వెళ్లవద్దని ఎవరికీ చెప్పను. అది గొప్ప చిత్రశాల. అందులో పుస్తకాలు కూడా ఉన్నాయి.

రెండో వాదన ఇంకా పదునైనది. పాత రోజుల చదువరి ఎవరు? లాటిన్ వచ్చిన మగవాడు, సాధారణంగా మతాధికారి, లేదా కులీనుడి కొడుకు. లాంగ్ రూమ్ 1732లో పూర్తయింది, ట్రినిటీ కాలేజీ స్త్రీలను చేర్చుకున్నది 1904లో. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా ఆ హాల్లో నడవవచ్చు, స్త్రీలు, పిల్లలు, బడి మొహం చూడనివాళ్లు, ఏ దేశం నుంచి వచ్చినవాళ్లైనా సరే. ఆ హాలు చరిత్రలో ఇంత విశాలంగా తలుపులు తెరుచుకున్న కాలం మరొకటి లేదు. అలాంటప్పుడు చదువరులున్న పాతకాలమే మేలు అనే నా మాట ఎవరి పక్షాన నిలబడుతోంది? ఈ ప్రశ్నకు నేను తేలిగ్గా జవాబు చెప్పలేను. చెప్పగలిగింది ఇంతే. చదువు కొందరికే ఉన్నప్పుడు తలుపు మూసి, తలుపు అందరికీ తెరిచాక చదువును తీసేశారు. రెండూ ఒకేసారి ఇచ్చిన చోట్లు ఉన్నాయి కాబట్టే ఇది అత్యాశ కాదంటున్నాను. వాటి సంగతి కింద చెబుతాను.

మూడోది డబ్బు, ఊపిరి. మన ఊపిరిలోని తేమే పుస్తకాలకూ చిత్రాలకూ పగ. స్ట్రహోవ్‌లో అందుకే సందర్శకులను హాల్లోకి రానివ్వరు, గుమ్మం దగ్గర తాడు కట్టి అక్కడినుంచే చూడమంటారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో నేల చెక్క గీసుకుపోకుండా మన బూట్ల మీదనే పెద్ద ఊలు చెప్పులు తొడగమంటారు. కోయింబ్రా గ్రంథాలయంలోనైతే పుస్తకాల పురుగులను తినిపెట్టడానికి గబ్బిలాలను ఉండనిస్తారు. టికెట్ల డబ్బు లేకపోతే ఈ కాపలా అంతా ఎవరు భరిస్తారు? న్యాయమైన ప్రశ్నే. కానీ తాడు వెనక నిలబడిన మనిషి ఏం కోరుకుంటున్నాడో కూడా చూడాలి. అలాంటి ఒక హాల్లో, నా పక్కన ఒక పెద్దాయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. పైన చిత్రాలు చూడ్డానికని అనుకున్నాను. ఆయన తాడు మీదికి వంగి దగ్గర్లో ఉన్న బీరువాలో ఒక పుస్తకం వెన్ను మీది అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. వెనకవాళ్లకు దారి ఇవ్వమని కాపలా మనిషి మర్యాదగానే చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసేసి కదిలాడు. అక్కడ ఒక గాజుపెట్టెలో ఒక్క పుస్తకం విప్పి పెట్టి, అందులో ఏముందో నాలుగు ముక్కలు రాసిపెట్టి, ఎదురుగా ఒక బెంచీ వేసి ఉంటే ఆయన ఎంతసేపు కూర్చునేవాడో అనిపించింది. అంత చేయడానికి తేమ, దుమ్ము, డబ్బు ఏవీ అడ్డు రావు.

నాలుగో వాదనకు చైనాలోని నింగ్బో నగరం చూపించాలి. మింగ్ కాలపు అధికారి ఫాన్ చిన్ 1561లో తియెన్ యీ గ అనే పుస్తక భవనం మొదలుపెట్టాడు. నిప్పు అంటుకుంటే చల్లడానికి ముందు చెరువు తవ్వించాడు. తర్వాతి తరాలు కఠినమైన కట్టుబాట్లు పెట్టుకున్నాయి. పుస్తకం బయటికి పోకూడదు, తాళంచెవులు కుటుంబంలోని శాఖలు పంచుకుంటాయి, బయటివాళ్లకు ప్రవేశం లేదు. 1673లో పండితుడు హువాంగ్ జోంగ్‌షీని రానిచ్చేవరకూ బయటివాడు అందులో అడుగుపెట్టలేదు. అంటే వందేళ్లకు పైగా ఒక్క కొత్త మనిషీ చదవలేదు. నా కొలత ప్రకారం ఇది అన్నిటికన్నా అందవిహీనమైన గ్రంథాలయం కావాలి. కానీ ఆ దేశంలో అదే కాలపు సొంత గ్రంథాలయాలు ఎన్నో చెదిరిపోగా ఇది నిలిచింది, ఆ మూసిన తలుపుల వల్లనే. తెరిచి ఉంచినవాళ్ల పుస్తకాలు పోయాయి, మూసి ఉంచినవాళ్లవి మనదాకా వచ్చాయి. దీని ముందు నా వాదన తలవంచక తప్పదు. అయితే ఆ కుటుంబం దాచింది కూడా ఎప్పుడో ఒకనాడు ఎవరో చదువుతారనే. హువాంగ్ లోపలికి వెళ్లి ఊరుకోలేదు, పుస్తకాల పట్టిక రాసి బయటికి తెచ్చాడు. ఆ తర్వాతే ఆ భవనం పేరు పండితలోకంలో మారుమోగింది. చైనా చక్రవర్తి తన మహాసంకలనం ప్రతుల కోసం భవనాలు కట్టించినప్పుడు నమూనాగా తీసుకున్నది ఆ భవనాన్నే.

రెండు చిరునామాలు

సరాయెవోకు వెళ్లేవాళ్లు నది ఒడ్డున నిలబడి తప్పక చూసే కట్టడం వియెచ్‌నిత్సా. ఆస్ట్రియా హంగరీ పాలనలో నగరసభ కోసం కట్టి 1896లో తెరిచారు. తర్వాత బోస్నియా జాతీయ గ్రంథాలయం అయింది. 1992 ఆగస్టు 25 రాత్రి చుట్టూ కొండల మీంచి ఫిరంగులు కాల్చి దాన్ని తగలబెట్టారు. ఊరి జనం, గ్రంథాలయ ఉద్యోగులు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ కాపాడగలిగినన్ని పుస్తకాలు కాపాడారు. ఆ ప్రయత్నంలో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. సేకరణలో అత్యధిక భాగం బూడిదైంది. 2014లో కట్టడాన్ని పాత రూపంలో పునర్నిర్మించి తెరిచారు. రంగుల అద్దాల కప్పు, చారల కమానులు, అన్నీ తిరిగి వచ్చాయి. ప్రతి అందాల జాబితాలోనూ గ్రంథాలయం పేరుతో అది కనబడుతుంది.

జాతీయ గ్రంథాలయం మాత్రం పూర్వంలా ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు. మిగిలిన పుస్తకాలు, తర్వాత దేశదేశాల నుంచి అందినవి, విశ్వవిద్యాలయ ప్రాంగణంగా మారిన ఒక పాత సైనిక శిబిరంలో ఉన్నాయి. చదువుకునేవాళ్లూ అక్కడికే వెళతారు. ఆ చిరునామా ఏ జాబితాలోనూ నేను చూడలేదు. ఫొటోకు పనికొచ్చే కప్పు అక్కడ లేదు. సరాయెవో గ్రంథాలయం చూశాను అని ఎవరైనా అంటే, ఈ రెండింటిలో దేన్ని చూసినట్టు? నా మటుకు నాకు రెండూ చూడాలి. మొదటిది చూడకపోతే ఏం పోయిందో తెలియదు. రెండోది చూడకపోతే ఏం మిగిలిందో తెలియదు.

లండన్‌లోనూ ఇంత విషాదం లేకుండా ఇలాంటి జంట ఉంది. బ్రిటిష్ మ్యూజియంలోని గుండ్రటి చదువుగది 1857 నాటిది. దాని వెనక ఉన్న గ్రంథాలయాధికారి ఆంటోనియో పనీజ్జీ ఇటలీ నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడు. పుస్తకాల విషయంలో రాజ్యంలోకెల్లా ధనవంతుడికి ఎంత అందుబాటు ఉందో పేద విద్యార్థికీ అంతే ఉండాలని, ఆ బాధ్యత ప్రభుత్వానిదని 1836లోనే గట్టిగా వాదించాడు. 1997లో ఆ గదిలో చదువు ఆగిపోయింది. పుస్తకాలు సెయింట్ పాంక్రస్‌లోని కొత్త ఇటుక కట్టడానికి వెళ్లాయి. ఆ కొత్తదాన్ని తిట్టనివాళ్లు లేరు. నాకు మాత్రం అది నచ్చుతుంది. నడిమధ్యన ఆరంతస్తుల గాజు స్తంభంలో రాజు మూడో జార్జ్ పుస్తకాలన్నీ నిలబెట్టారు. చూసిపోయేవాడికి అదొక దృశ్యం. రీడర్ కార్డున్న ఎవరైనా ఆ అరల్లోంచే పుస్తకం తెప్పించుకుని చదవవచ్చు. పనీజ్జీ కోరుకున్నది గుమ్మటం కింద కన్నా ఇక్కడే ఎక్కువగా జరుగుతోంది.

కూర్చోనిచ్చే చోట్లు

చూడడం, చదవడం రెండూ అందరికీ ఇచ్చిన చోట్లున్నాయన్నాను. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1911లో తెరిచినప్పుడు పాఠకుడి చేతికి అందిన మొదటి పుస్తకం రష్యన్ భాషది. అడిగిన ఆరేడు నిమిషాల్లో వచ్చింది. కొత్త దేశంలో తన భాష పుస్తకం అడిగిన మనిషికి అంత త్వరగా జవాబు దొరికింది. దాదాపు 90 మీటర్ల పొడవున్న ఆ చదువుగదికి మేఘాలు గీసిన కప్పు ఉంది. 2014లో ఒక రాత్రి అందులోంచి సున్నపు పువ్వొకటి ఊడిపడితే, రెండేళ్లు మూసి మొత్తం సరిచేసి 2016లో తెరిచారు. అదే కాలంలో కింది అంతస్తుల్లోని పుస్తకాల అరలను కూల్చేసి, పుస్తకాల్లో చాలావాటిని దూరపు గోదాములకు పంపే ఆలోచన సాగింది. పాఠకులు, రచయితలు ఎదురుతిరిగారు. 2014లో దాన్ని మానుకున్నారు. కప్పు ఎవరైనా బాగుచేయిస్తారు. అడిగిన పుస్తకం ఆ పూటే బల్ల మీదికి రావాలని పట్టుబట్టడానికి చదువరులు కావాలి.

ప్యారిస్‌లో ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయపు పాత భవనంలో ఓవల్ హాల్ ఉంది. ఒకప్పుడు కార్డున్నవాళ్లకే ప్రవేశం. 2022లో మరమ్మతుల తర్వాత అందరికీ ఉచితంగా తెరిచేశారు. అరల్లో కామిక్ పుస్తకాలు కూడా పెట్టారు. కోడిగుడ్డు ఆకారపు గాజు కప్పు కింద పిల్లలు బొమ్మల పుస్తకాలు చదువుకుంటారు, పక్కన పరిశోధకులు రాసుకుంటారు, మధ్యలో యాత్రికులు తిరుగుతారు. గోల ఉంటుంది. అలవాటుపడని పరిశోధకులకు కష్టమే. అయినా నాకు దొరికిన మంచి జవాబు ఇదే. రియోలోని పోర్చుగీసు చదువుగది కూడా ఇలాంటిదే. వలస వచ్చిన పోర్చుగీసువాళ్లు తమ భాష పుస్తకాల కోసం 1837లో పెట్టుకున్న సంఘం అది. భవనం 1887లో పూర్తయింది, 1900 నుంచి అందరికీ తెరిచారు. పాట్నాలో ఖుదా బఖ్ష్ తన రాతప్రతుల ఖజానాను 1891లో ప్రజలకు ఇచ్చేశాడు. 2021లో ఫ్లైఓవర్ కోసం అక్కడి కర్జన్ రీడింగ్ హాల్‌ను కొంత కూల్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ఖజానాకు ఏమీ కాదు కదా అని జనం ఊరుకోలేదు, చదువుగది కోసమే గొంతెత్తారు.

అవసరం లేని పాఠకుడు

నన్ను చాలాకాలం ఆపింది ఒక సంకోచం. నేను పరిశోధకురాలిని కాను. లాటిన్ రాదు. నాలుగు వందల ఏళ్ల పుస్తకం తెప్పించుకుని ఏం చేస్తాను? అవసరమైనవాళ్ల కుర్చీ ఆక్రమించడం కాదా? పైగా సెయింట్ గాలెన్ లాంటి చోట్ల వందలాది రాతప్రతులను ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఇంట్లో కూర్చుని చూడవచ్చు, పుస్తకానికి అలసట తప్పుతుంది.

ఒకచోట ధైర్యం చేసి అడిగాను. ఎందుకని అడుగుతారేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను కూడా. బల్ల వెనక ఉన్నావిడ నా ఫారం చదివి, "పెన్ లోపల పెట్టేయండి, పెన్సిల్ ఉందా?" అంది. లేదన్నాను. సొరుగులోంచి ఒకటి తీసి ఇచ్చింది. అంతే విచారణ. కాసేపటికి పుస్తకం వచ్చింది, కింద మెత్తటి దిండు పెట్టి, రేకలు, అంటే పుటలు, విప్పి నిలవడానికి బరువైన తాడు ఇచ్చారు. చేతులు కడుక్కుని రమ్మన్నారు, గ్లవ్స్ అక్కర్లేదన్నారు. గ్లవ్స్‌తో వేలికి స్పర్శ తెలియక కాగితం చిరిగే ప్రమాదం ఎక్కువట.

అది కాగితానికి బదులు పలచటి తోలు మీద రాసిన పుస్తకం. అందులో ఒక రేకకు బొటనవేలంత చిల్లు ఉంది. రాయడానికి ముందే, తోలు సాగదీసేటప్పుడు పడ్డ చిల్లు. దాని అంచులు దారంతో కుట్టారు. రాసినవాడు వాక్యాన్ని ఆ కుట్టు దాకా తెచ్చి, దాన్ని దాటించి, అవతల కొనసాగించాడు. నాకు ఆ వాక్యం అర్థం కాలేదు. ఎవరో ఒక మనిషి అక్కడ చెయ్యి ఎత్తి మళ్లీ పెట్టాడన్నది అర్థమైంది. తెర మీద ఆ చిల్లు కనబడుతుంది, నిజమే. కానీ తెర మీద అరచేతి పుస్తకమూ, ఇద్దరు మోసే పుస్తకమూ ఒకే కొలతలో ఉంటాయి. రేక తిప్పితే వచ్చే చప్పుడు, దాని మొండితనం, వెనకవైపు సిరా ఎంత దిగింది అన్నవి తెలియవు. ఇవి పరిశోధకులకే పనికొస్తాయని నేననుకోను. అరుదైనవి, నలిగిపోయేవి అడగకూడదు, ఇవ్వరు కూడా. మామూలు పుస్తకాలు అడగవచ్చు. అడిగేవాళ్లు లేకపోతే చదువుగదులకు డబ్బెందుకని లెక్కలు వేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎంతమంది అడిగారో చెప్పే పుస్తకంలో నా పేరూ ఒకటి ఉండటం ఆ గదికి మేలే.

కప్పు లేని గ్రంథాలయాలు

ఈ వాదన మొత్తాన్ని తలకిందులు చేసే చోటు ఒకటుంది. మాలీలోని తింబుక్తూలో రాతప్రతులు తరతరాలుగా కుటుంబాల ఇళ్లలో, పెట్టెల్లో ఉన్నాయి. చూడదగ్గ హాళ్లు తక్కువ. 2012లో సాయుధ మూకలు ఊరిని పట్టుకున్నప్పుడు అబ్దుల్ కాదర్ హైదరా, ఆయనతో కలిసినవాళ్లు రాతప్రతులను ఇనుప ట్రంకుల్లో సర్ది, బండ్ల మీద, పడవల మీద రాజధాని బమాకోకు చేరవేశారు. కట్టడం అక్కడే ఉండిపోయింది, గ్రంథాలయం ప్రయాణమైపోయింది. అప్పుడు ఒక యాత్రికుడు తింబుక్తూ గ్రంథాలయాన్ని ఎక్కడ చూడాలి? ఆ ట్రంకులను మోసినవాళ్లకు గది అందంతో పనిలేదు, కొత్తవాడికి కుర్చీ వేసే తీరికా లేదు. నా కొలత కూడా అక్కడ పనిచేయదు. ప్రశాంతంగా ఉన్న చోట్లకే నా ప్రశ్న వర్తిస్తుందని ఒప్పుకోవాలి. ఆ ప్రశాంతమైన చోట్లకు మినహాయింపు మాత్రం ఇవ్వను.

అందుకే నా చూపు మళ్లీ డబ్లిన్ మీద ఉంది. 2019లో ప్యారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి తగలబడడం చూశాక లాంగ్ రూమ్ భద్రత పని ఊపందుకుంది. 2022 నుంచి అక్కడి రెండు లక్షల పుస్తకాలను ఒక్కొక్కటే దించి, దుమ్ము తీసి, గుర్తింపు చిప్ పెట్టి తరలించారు. ఖాళీ అరలు చూడటానికి కూడా జనం వస్తూనే ఉన్నారు. పునర్నిర్మాణ ప్రణాళికలో పాత పుస్తకాలు చదువుకోవడానికి ఆ భవనంలోనే ఒక అధ్యయన కేంద్రం పెట్టే ఏర్పాటు ఉంది. పని పూర్తయ్యాక ఆ కమాను కప్పు కొత్త దీపాల్లో ఎలా ఉందో అందరూ ఫొటోలు పెడతారు. నేను మాత్రం ఆ చదువుగదిలో ఎన్ని కుర్చీలు వేశారో, ఏ కాగితం చూపిస్తే కూర్చోనిస్తారో ముందు కనుక్కుంటాను.